గాలి దాక్కున్న చోటు

పెడల్ నేలదాకా వెళ్ళి ఆగింది.

నర్సమ్మ కాలు తీసి మళ్ళీ నొక్కింది. ఈసారి కాస్త పైన ఆగింది. వెంటనే ఇంకోసారి నొక్కితే ఇంకాస్త పైన. సరే, దారికొచ్చింది అనుకుని, కాసేపు ఊరుకుని నొక్కేసరికి మళ్ళీ మొదటికే వచ్చింది. పరుపులో కాలు దిగినట్టు దిగింది.

"అన్నా, ఇది నా కారేనా?" అంది కిటికీలోంచి తల బయటపెట్టి.

"నీదే తల్లీ. కావాలంటే నంబరు చూసుకో."

"నంబరు నాదే. బ్రేకే ఎవరిదో."

మేస్త్రీ నవ్వలేదు. గుడ్డముక్కతో వేళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. వేళ్ళు ఎప్పుడో తుడవడం అయిపోయింది, అయినా తుడుస్తూనే ఉన్నాడు. అవతల బల్ల దగ్గర పానాలు సర్దుతున్న ఆయన భార్య చేతులు ఆగిపోయాయి.

ఆవిడని వీధిలో అందరూ పానా అక్క అంటారు. ఆ షెడ్డు మొగుడూ పెళ్ళాం కలిసి నడుపుతారు. కారు ముక్కు లోపలికి పెట్టి నిలిపితే ఒక పక్క కిటికీ, ఇంకో పక్క పని బల్ల. కిటికీ వైపు చక్రాలు ఆయనవి, బల్ల వైపు చక్రాలు ఆవిడవి. విప్పిన సామాను ఆయన కిటికీ గట్టు మీద ఒక ట్రేలో పెట్టుకుంటాడు, ఆవిడ బల్ల మీద ఇంకో ట్రేలో. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే ఏర్పాటు. ఒకరి ట్రేలో ఒకరు చెయ్యి పెట్టరు. మా సంసారంలో గొడవలు లేనిది అందుకే అంటాడు మేస్త్రీ. లేవని ఈయనకెవరు చెప్పారో అంటుంది ఆవిడ.

"కొడుతుంటే పైకొస్తోంది కదన్నా," అంది నర్సమ్మ. "రెండేసి సార్లు కొట్టుకుంటూ పోతాలే. తాళాలిటివ్వు."

"ఇవ్వను."

"ఎక్కడానికి బ్రేకుతో పనేముంది?"

"దిగడానికి?"

కొండ మీద ఒక ఇంట్లో తొలిచూలు మనిషి ఉంది. నెలలు నిండాయి. బీపీ ఎక్కువగా ఉంది. ఇంట్లో కాన్పు వద్దు, నొప్పులు మొదలవగానే ఫోను చెయ్యండి, నేనే వచ్చి ఆసుపత్రికి దించుతాను అని ఆసుపత్రి నర్సుగా ఆమె మాటిచ్చి వచ్చింది. ఆసుపత్రి బండి ఇంకో కేసు మీద దూరం పోయింది, చీకటి పడితే గానీ తిరిగి రాదు. ఆ కొండ రోడ్డు ఇంటి గుమ్మం దగ్గర మొదలై ఊళ్ళో తేలేదాకా మలుపులే. మొన్న అదే రోడ్డు దిగుతుంటే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది. అందుకే కారు ఈ పూట ఇక్కడికొచ్చింది.

జబ్బు పొద్దునే దొరికింది. ముందు చక్రాల్లో తిరిగే డిస్కుని పిడికిలితో పట్టినట్టు పట్టి ఆపేది కాలిపర్. రెండు కాలిపర్లూ తుప్పుకి బిగుసుకుపోయి, పట్టిన పట్టు వదలడం లేదు. వాళ్ళిద్దరూ వాటిని విప్పి, కడిగి, కొత్త రబ్బరు రింగులు వేసి, మళ్ళీ బిగించారు. బ్రేక్ ఆయిల్ పోసి పైపుల్లో గాలి తీశారు. చక్రాలు ఇప్పుడు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. ఆగడం మాత్రం మర్చిపోయాయి.

నర్సమ్మ చేతిలో ఫోను మోగింది. అవతల కొండ మీది అత్తగారు.

"మొదలయ్యాయమ్మా. ఆగి ఆగి వస్తున్నాయి."

"తలనొప్పి ఉందా? కళ్ళు మసకలా?"

"అడిగితే లేదంటోంది. దానికి భయమెక్కువై ఏమీ చెప్పదు."

"ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. ఉప్పూ నూనే ఉన్న తిండి ఏదీ పెట్టకండి, నీళ్ళు తాగించండి. వస్తున్నా."

"బయల్దేరావా?"

నర్సమ్మ మేస్త్రీకేసి చూసింది. "బయల్దేరుతున్నా," అంది.

ఆమె ఫోను పెట్టేసింది. తొలి కాన్పు, ఆగి ఆగి వచ్చే నొప్పులు, ఇంకా టైముంది. కానీ బీపీ టైము చూసుకుని పెరగదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆమె మొహం చూసి వాళ్ళకీ తెలిసింది.

"దిగు తల్లీ," అన్నాడు మేస్త్రీ.

ఆమె దిగింది. ఆయన ఆ సీట్లో కూర్చుని, చెప్పు విడిచి, ఉత్త కాలు పెడల్ మీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. నొక్కి, అలాగే పట్టి ఉంచాడు. నర్సమ్మ ఆ మొహం ఎక్కడో చూసింది. కాసేపటికి తట్టింది: నాడి మీద వేలు పెట్టినప్పుడు పెద్ద డాక్టరు మొహం ఇలాగే ఉంటుంది. వింటున్నట్టు ఉంటుంది, కానీ చెవులతో కాదు.

"నొక్కిన చోటే నిలబడింది. ఇంకా కిందికి జారడం లేదు," అన్నాడు.

"అయితే పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ మంచిదే," అంది పానా అక్క, చక్రం పక్కనుంచి.

"ఏంటీ?"

"మంచిదే అంటున్నా!"

ఆయన తల కాస్త తిప్పి విన్నాడు. ఆ తిప్పడం నర్సమ్మ కంటపడింది. ఇప్పుడు ఆ సంగతికి వేళ కాదని ఊరుకుంది.

"వెనక చక్రాలు చూద్దాం," అంది పానా అక్క. నర్సమ్మ పక్కనే నిలబడి ఉంది కాబట్టి ఆమెకి కూడా చెప్పింది. "వెనక చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపల్నుంచి ఒత్తి ఆపేవి బ్రేకు షూలు. అవి డ్రమ్ముకి ఎడంగా ఉన్నాయనుకో, వాటిని అక్కడిదాకా తోయడానికే పెడల్ సగం దిగిపోతుంది. హ్యాండ్ బ్రేకు లాగితే షూలు దగ్గరికొస్తాయి. అప్పుడు పెడల్ పైకొస్తే దొంగ వెనకున్నట్టు."

మేస్త్రీ హ్యాండ్ బ్రేకు లాగి నొక్కాడు. పెడల్ ఎప్పట్లాగే దిగింది.

"వెనక లేడు," అన్నాడు.

పానా అక్క గోడకి తగిలించిన క్లాంపులు తెచ్చింది. అవి రబ్బరు పైపుని తెగకుండా నలగకుండా పట్టి మూస్తాయి. ఒక్కో చక్రానికి ఆయిల్ పోయే పైపు మీద ఒక్కోటి బిగించింది. అన్నీ బిగించాక నర్సమ్మని పిలిచింది.

"నువ్వే నొక్కి చూడు. నీ కాలుకి తెలియాలి."

నర్సమ్మ కూర్చుని నొక్కింది. పెడల్ కదల్లేదు. ఇంకా బలంగా నొక్కింది. సీట్లోంచి ఆమే లేచింది గానీ పెడల్ దిగలేదు. బండకి కాలు తన్నినట్టుంది.

"అమ్మో," అంది.

"అలా ఉండాలి," అంది పానా అక్క. "అంటే ఇక్కడిదాకా అంతా బాగున్నట్టే. ఇప్పుడు ఒక్కో తలుపూ తీస్తా. ఎక్కడ మెత్తబడితే అక్కడున్నాడు."

వెనక పైపుల క్లాంపులు తీసింది. బండ బండలాగే ఉంది. ముందు, కిటికీ వైపు క్లాంపు తీసింది. నర్సమ్మ కాలి కింద పెడల్ మెత్తబడి సగం దిగింది. కళ్ళకి కనబడని చోట, ఇనుము వెనక, పైపు చివర, ఏదో ఆమె కాలుకి జవాబు చెప్పింది. చెయ్యి పెట్టి పొట్టలో బిడ్డ ఎటు తిరిగి ఉందో చెప్పడం ఆమెకి అలవాటే. కాలితో ఒక యంత్రం కడుపులో సంగతి తెలుసుకోవడం ఇదే మొదలు.

పానా అక్క ఆ క్లాంపు మళ్ళీ బిగించి బల్ల వైపుది తీసింది. మళ్ళీ సగమే దిగింది. రెండూ తీస్తే నేలదాకా వెళ్ళింది.

మేస్త్రీ నేల మీద చతికిలపడ్డాడు. "ఒకటైతే నమ్ముతా. రెండూ ఒకే పూట, ఒకే తప్పు, కూడబలుక్కున్నట్టా?"

"గాలేమో అన్నా. గాలి సరిగ్గా తీశారా?"

"తీశానమ్మా. సీసాడు ఆయిల్ పోయింది. ఒక్క బుడగ రాలేదు. బుడగ రాకపోతే గాలి లేనట్టేగా?"

"గాలి ఉంటే మాత్రం ఏమవుతుంది? చిన్న బుడగకి ఇంత కారు లొంగుతుందా?"

మేస్త్రీ ఆమె సంచికేసి చూశాడు. "సిరంజి ఉందా అందులో? సూది లేకుండా ఇవ్వు."

ఆమె ఒకటి విప్పి ఇచ్చింది. ఆయన తీసుకోలేదు. "నువ్వే పట్టుకో. కడ్డీ వెనక్కి లాగు. మూతి బొటనవేలితో మూసి నొక్కు."

నర్సమ్మ నొక్కింది. కడ్డీ సగం దాకా లోపలికెళ్ళింది. వదిలితే తిరిగొచ్చింది.

"ఇప్పుడు నీళ్ళు తీసుకో. ఒక్క బుడగ లేకుండా నింపి, మూతి మూసి నొక్కు."

ఆమె చెంబులో నీళ్ళు లాగి, మూతి మూసి నొక్కింది. కడ్డీ కదల్లేదు. రెండు చేతులతో నొక్కింది. వేలు నొప్పి పుట్టింది గానీ వెంట్రుకవాసి కదల్లేదు. అవి నీళ్ళే. ఇప్పుడే చెంబులోంచి వచ్చాయి, ఒంపితే పారిపోతాయి. నాలుగు పక్కలా మూసేసరికి ఇనుముతో సమానమయ్యాయి.

ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆమె సిరంజి పట్టని రోజు లేదు. మూతి మూసి నొక్కి చూసిన రోజూ లేదు.

"ఇంతేనమ్మా బ్రేకు," అన్నాడు మేస్త్రీ. "నీ కాలుకీ చక్రానికీ మధ్య కడ్డీ లేదు, తాడు లేదు. సన్నటి పైపుల్లో ఆయిల్ ఉంది, అంతే. ఇక్కడ నువ్వు నొక్కితే అదే క్షణాన అక్కడ నాలుగు చక్రాల దగ్గరా నొక్కినట్టే. ఆయిల్ ముడుచుకోదు కాబట్టి నీ కాలి మాట పొల్లుపోకుండా చేరుతుంది. గాలి మధ్యలో దూరిందనుకో, మాట మింగేస్తుంది. నువ్వు నొక్కిందంతా దాన్ని ముడవడానికే సరిపోతుంది."

"ఎంత ఆయిల్ కదులుతుంది నేను నొక్కితే?"

"చెంచాడో, రెండు చెంచాలో."

"మందు చెంచాడా?"

"అదే అనుకో."

నర్సమ్మ కారు వైపు చూసింది. ఎన్నిసార్లు దిగిందో ఆ కొండ. వానలో దిగింది. మంచులో దిగింది. వెనక సీట్లో మూలిగే మనుషుల్నీ వాళ్ళ చుట్టాల్నీ మూటల్నీ వేసుకుని దిగింది. అంత బరువునీ లోయ అంచున పట్టి ఆపింది ఒక మందు చెంచాడు. అది ఆమెకి తెలియదు. తెలియకుండానే రోజూ కాలు పెట్టింది, అది రోజూ పట్టుకుంది.

చేతిలో సిరంజి ఇంకా ఉంది. మాటల్లో పడి ఆమె దాన్ని ఎప్పుడూ చేసేలాగే చేసింది. మూతి పైకి పెట్టి, గోటితో కొట్టింది. గోడకి అంటుకున్న బుడగ ఒకటి కదిలి, పైకి తేలి, మూతి దగ్గరకి చేరింది. కడ్డీ తోసింది. బుడగ పోయింది, దాని వెనక ఒక చుక్క నీరు వచ్చింది.

ఆమె చెయ్యి అక్కడే ఆగింది.

"అక్కా. గాలి బయటికి పోయే మూతి ఏది కాలిపర్‌లో?"

"స్క్రూ ఉంటుంది. అది వదులు చేస్తే అందులోంచే పోవాలి." పానా అక్క బల్ల వైపు చక్రం పక్కన వంగి టార్చి వేసింది. "ఇదిగో, ఇక్కడ కింద…"

ఆవిడ కొంతసేపు అలాగే వంగి ఉంది. తర్వాత లేచి, కారు చుట్టూ తిరిగి, కిటికీ వైపు చక్రం దగ్గర వంగింది. టార్చి వెలుగు ఒకే చోట నిలబడింది.

"ఏమండీ."

మేస్త్రీ పలకలేదు.

"ఏమండీ!"

"ఆఁ, వస్తున్నా."

ముగ్గురూ చక్రం ముందు కూర్చున్నారు. గాలి తీసే స్క్రూ కాలిపర్‌కి అడుగున ఉంది. ఉండాల్సింది నెత్తిన. గాలి ఎప్పుడూ పైకే పోతుంది. అది కాలిపర్ పై మూలలో హాయిగా కూర్చుంటే, వీళ్ళు అడుగు నుంచి సీసాడు ఆయిల్ తీసి పారబోశారు. బుడగ రాలేదని గాలి లేదనుకున్నారు. ఉంది కానీ దానికి దారి లేదు.

"ఎడమదీ కుడిదీ తారుమారైంది," అంది పానా అక్క. "అటుది ఇటు బిగిస్తే స్క్రూ కిందికొస్తుంది. బోల్టులు మాత్రం రెండు వైపులా సరిగ్గా పడతాయి."

మేస్త్రీ నుదురు కొట్టుకున్నాడు. "స్క్రూ కింద సులువుగా చేతికి అందుతుంటే ఎంత సంబరపడ్డానో! రోజూ నువ్వు తిప్పే స్క్రూ కదా, నాకేం తెలుసు? ఈ కారు కట్టినవాడెవడో మెకానిక్కుల ఉసురు తగలకుండా కట్టాడనుకున్నా."

"మీ బుద్ధికి దండం. ఆ మాట అప్పుడే పైకి అనుంటే నాకు తెలిసిపోయేది."

"అసలు ఎలా మారాయి? నా ట్రేలోంచి నేనే తీసుకున్నానే."

"నా ట్రేలోంచి నేనే తీసుకున్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నర్సమ్మకి అర్థం కాలేదు. వాళ్ళకి అవుతోంది, మెల్లిగా.

పొద్దున విప్పేటప్పుడు ఎవరి చక్రం దగ్గర వాళ్ళున్నారు, ఎవరి ట్రేలో వాళ్ళు పెట్టుకున్నారు. కడగడం అయ్యాక మేస్త్రీ ఈ పూట చోటు మారుదామన్నాడు. బల్ల వైపు నేను కూర్చుంటా, నువ్వు కిటికీ వైపు పో అన్నాడు. గాలి తీసేటప్పుడు కూడా నువ్వే సీట్లో కూర్చుని నొక్కు, స్క్రూ నేను తిప్పుతా అన్నాడు. ఏదో సరదా అనుకుని ఆవిడ సరేనంది. చోట్లు మారాయి. చేతులు మాత్రం మారలేదు. కిటికీ పక్క కూర్చున్న ఆవిడ, పక్కనే ఉన్న ట్రే వదిలేసి, లేచి బల్ల దాకా నడిచి తన ట్రేలోంచి కాలిపర్ తెచ్చుకుంది. బల్ల పక్క కూర్చున్న ఆయన లేచి కిటికీ దాకా పోయి తనది తెచ్చుకున్నాడు.

"దారిలో ఎదురుపడ్డాం కూడా," అంది పానా అక్క. "కారు ముందు. చెరొకటి చేత్తో పట్టుకుని. తప్పుకోండి అన్నా మిమ్మల్ని."

"నాకు వినబడలేదు."

"వినబడకపోవడమేమిటి? ఇంత దూరంలో?"

మేస్త్రీ డిస్కుకేసి చూస్తూ కూర్చున్నాడు. నర్సమ్మ ఇక ఊరుకోలేదు.

"అన్నకి కుడి చెవి ఎప్పట్నుంచి వినబడటం లేదక్కా?"

"ఏ చెవి?" అంది పానా అక్క. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఏ చెవండీ?"

"దుమ్మేదో పోయుంటుంది. దానికింత రాద్ధాంతమా?"

"అందుకా చోటు మార్చింది?"

"బల్ల వైపు కూర్చుంటే మంచి చెవి సీటు వైపు ఉంటుంది. నొక్కా, వదిలా అని నువ్వు చెప్పేది తెలియాలి కదా. బ్రేకు పనాయె, ఊహించి తిప్పకూడదు." కాస్త ఆగాడు. "ఈ కిటికీ వైపు చక్రం దగ్గర మాత్రం నీ తల ఊపు చూసి తిప్పా."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే అరుస్తావని."

"ఇప్పుడు అరవనా?"

"అరువు. ఇటువైపు నుంచి అరువు, అదే మంచిది."

పానా అక్క అరవలేదు. ఆవిడ కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. కారు ముందు నుంచి ఇద్దరూ తప్పు సామాను మోసుకుంటూ ఎదురుపడి తప్పుకుని పోయిన దృశ్యం నర్సమ్మకి కళ్ళకి కట్టింది. ఆయన ఆవిడ మాట ఒక్కటి తప్పిపోకూడదని చోటు మారాడు. చేతులకి అది తెలియక పాత చోటికే పోయాయి. మనిషికి తెలియకుండా చేతులకి ఎన్నేళ్ళ జ్ఞాపకం ఉంటుందో అని ఆమె తన చేతులు చూసుకుంది.

"లేవండి," అంది పానా అక్క. "మీ వైపు మీరు పోండి. వినబడేలా నేను చెప్తా."

కాలిపర్లు మళ్ళీ విప్పి, ఒకరికొకరు అందించుకుని, ఎవరి వైపుది వాళ్ళ ట్రేలో పెట్టుకున్నారు. పైపు కలిసే చోట కొత్త రాగి వాషర్లు వేశారు. ఈసారి ఎవరి చేతులు వాళ్ళ ట్రే దగ్గరికే పోయాయి, ఎవరి చక్రం దగ్గర వాళ్ళే బిగించారు. బిగించాక పానా అక్క ఒక్కో స్క్రూనీ వేలితో తట్టి, నెత్తి మీద ఉంది, నెత్తి మీదే ఉంది అని పైకే చెప్పుకుంది. మేస్త్రీ సీట్లో కూర్చున్నాడు. పానా అక్క స్క్రూకి పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొస నర్సమ్మ చేతికిచ్చింది. ఆయిల్ ఉన్న సీసాలో దాన్ని ముంచి పట్టుకోమంది.

"నొక్కండి!"

ఆ కేకకి ఎదురు కొట్టులో దర్జీ మిషను ఆపి చూశాడు.

"నొక్కా!"

పానా అక్క స్క్రూ తిప్పింది.

మొదట ఏమీ రాలేదు. తర్వాత గొట్టంలో ఆయిల్ కదిలింది. దాని వెనక గాలి వచ్చింది. నర్సమ్మ బుడగ వస్తుందనుకుంది. వచ్చింది బుడగ కాదు. గొట్టం పొడవునా, ఎక్కడా తెగకుండా, టార్చి వెలుగులో మెరుస్తూ పాకింది. సీసాలో పడి బుడబుడమంటూ పైకి లేచి పోయింది. ఇందాకటి నుంచీ ముగ్గురినీ ఆడించింది అదే. రంగు లేదు, బరువు లేదు, వాసన లేదు. పానాలు, క్లాంపులు, వాళ్ళిద్దరి అనుభవం, ఆమె తొందర, అన్నిటినీ ఒక మూల కూర్చుని ఆపింది. దారి చూపించగానే ఎవరి మీదా కోపం లేనట్టు వెళ్ళిపోయింది.

నర్సమ్మ సీసాని రెండు చేతులతో పట్టుకుంది. బిడ్డ తొలి ఊపిరి తీసుకున్నప్పుడు తప్ప ఆమె గాలికి ఇలా నోరెళ్ళబెట్టి ఎరగదు.

"మూశా! వదలండి!"

"వదిలా!"

మళ్ళీ నొక్కారు, మళ్ళీ తిప్పారు. ఈసారి ఆవగింజలంత బుడగలు వచ్చాయి. తర్వాత ఒకటీ అరా. తర్వాత ఉత్త ఆయిల్. అవతలి చక్రం దగ్గర కూడా అంతే. అక్కడికి వెళ్ళాక పానా అక్క కేక ఇంకాస్త పెంచింది. దర్జీ మిషను మళ్ళీ ఆపాడు.

"ఏమైందక్కా, గొడవా?" అన్నాడు వీధి అవతలి నుంచి.

"కాపురం," అంది ఆవిడ.

చక్రాలు ఎక్కించాక మేస్త్రీ దిగి, సీటు చూపించాడు. నర్సమ్మ కూర్చుని కాలు పెట్టింది. పెడల్ కాస్త దిగి ఆగింది. ఆగిన చోట నిలబడింది. రెండోసారి అక్కడే. మూడోసారీ అక్కడే. ఎక్కడో చక్రాల దగ్గర నాలుగు పిడికిళ్ళు బిగిశాయని ఆమె కాలికి తెలిసింది.

మేస్త్రీ కారు తీసుకుని వీధి చివరదాకా పోయి, పానా అక్క చూస్తుండగా వెనక్కి వస్తూ మెల్లిగా ఒకసారి, వేగంగా ఒకసారి ఆపాడు. తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగు. ఎప్పుడూ కాలు అక్కడే పెట్టి ఉంచకు. అవసరమైనప్పుడు మాత్రం అనుమానపడకుండా నొక్కు."

"రేపు ఆసుపత్రికి రా అన్నా. ఆ చెవి చూపిద్దాం."

"ఏంటీ?"

"వస్తాడు," అంది పానా అక్క. "నేను తీసుకొస్తా. నువ్వు పో ముందు."

కొండ మీది ఇంట్లో ఆ మనిషి ఎడమవైపు తిరిగి పడుకునే ఉంది. నర్సమ్మ బీపీ చూసింది. మొన్నటికన్నా పెరిగింది, కానీ దాటకూడని గీత దాటలేదు. కళ్ళు మసకలు లేవు. నొప్పులు దగ్గరవుతున్నాయి. అత్తగారు ముందే సంచి సర్దిపెట్టింది. మొగుడు కారు తలుపు తీసి పట్టుకుని, మళ్ళీ వేసి, మళ్ళీ తీశాడు. అత్తాకోడళ్ళు వెనక కూర్చున్నారు, అతను ముందు.

కారు దిగడం మొదలుపెట్టింది. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. ప్రతి మలుపు ముందూ నర్సమ్మ కాలు పెట్టింది, కారు తగ్గింది. మాట పొల్లుపోవడం లేదు. కాలిన వాసన లేదు.

సగం దూరం దిగాక మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా మేకలు.

ఆమె నొక్కింది. అనుమానపడలేదు. కారు ముందుకు ఒంగి, నిలబడింది. మొదటి మేకకీ బంపరుకీ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు మిగిలింది. రోడ్డు ఏటవాలు. ముందు చక్రాల కింద నుంచి రాళ్ళు రెండు దొర్లుకుంటూ అంచు దాటి పోయాయి. అవి ఎక్కడ పడ్డాయో చప్పుడు రాలేదు.

"ఏమైంది? ఆపావేం?" అంది వెనక నుంచి అత్తగారు.

"మేకలు."

"ఎన్ని?"

"ఊళ్ళో ఉన్నవన్నీ."

"వీటికి ఇప్పుడే దొరికిందా వేళ! హారను కొట్టమ్మా!"

"వద్దత్తా," అంది కోడలు, ఊపిరి బిగపట్టి ఒక నొప్పిని దాటించాక. అప్పటిదాకా ఆమె నోరు విప్పలేదు. "పోనీ వాటిని. బెదిరితే అంచు మీదికి పోతాయి."

కాపరి అవతలి గట్టు మీద కర్ర ఊపుతూ, నోటితో చప్పుడు చేస్తూ, మేకల్ని పక్కకి తోలుతున్నాడు. అవి తీరిగ్గా దాటుతున్నాయి. ఒకటి ఆగి గడ్డి కొరికింది. దాని పిల్ల కారు ముందుకొచ్చి నిలబడి, లోపలికి చూసింది.

నర్సమ్మ హారను మీద చెయ్యి పెట్టలేదు. ఆమె కాలు పెడల్ మీద ఉంది. పెడల్ ఉన్న చోటే ఉంది. కారూ, అందులో నలుగురూ, ఇంకా లోకంలోకి రాని ఐదో మనిషీ, అంతా ఆ ఏటవాలు మీద నిలబడి ఉంది. పట్టుకున్నది ఆమె పాదం. పాదానికీ చక్రానికీ మధ్య ఉన్నది సన్నటి పైపులో కొంచెం ఆయిల్. అది ముడుచుకోలేదు. అలిసిపోలేదు. ఎంతసేపు నొక్కితే అంతసేపూ నొక్కినట్టే ఉంది. ఆమె తల వంచి తన పాదం చూసుకుంది.

"కాళ్ళు నొప్పి పుడుతున్నాయా సిస్టర్?" అన్నాడు పక్కన మొగుడు.

"లేదు. చూస్తున్నా."

"ఏం చూస్తున్నారు?"

ఆమె తల ఎత్తింది. కింద, మలుపుల చివర, ఆసుపత్రి డాబా మీద దీపం వెలిగించారు. కాపరి చివరి మేక వెన్ను మీద చరిచాడు. అది రోడ్డు దాటింది. పిల్ల దాని వెనక గెంతింది.

నర్సమ్మ కాలు మెల్లిగా పైకి లేపింది. కారు కదిలింది.